కాళ్లు లేని పురుగుని

నన్ను ఫెజెంట్ టెయిల్ నింఫ్ అంటారు. ట్రౌట్ చేపల్ని పట్టడానికి పురుగులా కట్టే ఎరని, అంటే ఫ్లైని. ఇంగ్లండులో విల్ట్‌షైర్ ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ నన్ను పుట్టించాడు. నా ఒంట్లో ఉన్నది ఒక చిన్న గాలం, సన్నటి రాగి తీగ, మగ ఫెజెంట్ పక్షి తోక ఈకలోంచి తీసిన ఎర్రమట్టి రంగు పోగులు. దారం కూడా లేదు, తీగతోనే కట్టేస్తారు. కాళ్లు లేవు, కళ్లు లేవు. అయినా ట్రౌట్ చేప నన్ను పురుగనే నమ్ముతుంది. పోలిక అవయవాల లెక్కలో లేదనడానికి నేనే రుజువు. నీళ్లలో పెరిగే ఆలివ్ పురుగు పిల్ల ఈదేటప్పుడు కాళ్లను ఒంటికి అదుముకుంటుందని సాయర్ గమనించాడు. అలాంటప్పుడు కాళ్లు పెట్టి కడితేనే అబద్ధం. పైగా ఈ పురుగు రెక్కలతో బతికేది కొద్ది రోజులే, నీటి అడుగున నెలల తరబడి ఉంటుంది. వసంతంలో రెక్కలు విప్పుకోవడానికి అది పైకి లేస్తుంటే ట్రౌట్ దారి కాస్తుంది. రాగి బరువు నన్ను ఆ లోతుకు దింపుతుంది. చేప ముందుకు చేరేసరికి గాలపు గెడ కొన కాస్త ఎత్తితే నేనూ అలాగే లేస్తాను.

ఇది ఆట కాదు, దొంగదెబ్బ అన్నవాళ్లున్నారు. తేలే ఫ్లైల మీద 1886లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ రాసిన పుస్తకాన్ని ఆయన శిష్యులు శాసనం చేసుకుని, నీటిపై తేలే ఎరే వాడాలన్నారు. నీటి లోపల మేసే చేపకు నీటి లోపలి ఎరే న్యాయమని స్క్యూస్ అనే మరో గాలగాడు 1910లో వాదిస్తే, 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దాని మీద పెద్ద చర్చే నడిచింది. కంటికి కనిపించిన చేపకే, దానికి ఎగువనే విసరాలన్న కట్టుబాటు సాయర్ పద్ధతిలోనూ ఉంది. ఇక దొంగతనం ఎక్కడ?

రెండో అభ్యంతరం గట్టిది. సాయర్ పొరుగువాడే అయిన ఆలివర్ కైట్ ఈకలు మానేసి, గాలానికి రాగి తీగ మాత్రమే చుట్టి చేపలు పట్టాడు. మరి నా ఈకలెందుకు? నిజానికి కైట్ నా వాదనకే బలం చేకూర్చాడు: లోతూ కదలికా సరిపోతే వేషం చాలావరకు అనవసరం. ఆ తీగ పనిచేసింది కదిలించినప్పుడు. కదలిక లేకుండా మెల్లగా కొట్టుకుపోయేటప్పుడు చేపకు చూసే తీరిక దొరుకుతుంది, రంగూ ఆకారమూ అక్కడ అక్కరకొస్తాయి. పళ్లకు చిక్కి ఈక పోగులు రేగిపోయాక కూడా నన్ను మళ్లీ విసరొచ్చు. తీగ ఊడిందంటే మాత్రం ఇక పనికిరాను.