చక్రం ఆగాకే బిళ్ల వేయండి: సికింద్రాబాద్ స్టేషన్ బరువు యంత్రం ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఏళ్ల తరబడి నిలబడ్డ బరువు యంత్రం. తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా అది 'ఈ యంత్రం' అనే అంటుంది. రంగురంగుల దీపాలు, అద్దం వెనక గిర్రున తిరిగే చక్రం, పక్కన బిళ్ల వేసే సందు, దాని కింద టికెట్ పడే చిన్న తొట్టి. ఇంతే దీని ఒళ్లు. రూపాయి బిళ్ల వేస్తే టక్కుమని పాత రైలు టికెట్ లాంటి అట్టముక్క పడేది. ఒకవైపు సినిమా తార బొమ్మ, రెండోవైపు బరువు, నాలుగు ముక్కల జాతకం.

చక్రం ఆగాకే బిళ్ల వేయాలన్నది దీని షరతు. రైలు వచ్చేస్తోందన్న తొందరలో సగం మంది అది పట్టించుకునేవారు కాదు. చక్రం ఇంకా ఊగుతుండగానే బిళ్ల వేసి, పడ్డ అంకె చూసుకుని కంగారు పడేవారు.

1874లో నిజాం కాలంలో మొదలైన స్టేషన్ ఇది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రమయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. ఈ యంత్రం ముందు నిలబడని మనిషి లేడు. ఎర్ర చొక్కా హమాలీ, సెలవుకు ఊరెళ్లే సిపాయి, చంకలో పిల్లతో తల్లి. అప్పట్లో అంకె పెరిగితే సంబరం. "ఒళ్లు చేశావురా" అంటే మెచ్చుకోలు, "చిక్కిపోయావేంట్రా" అంటే తల్లి గుండెకోత. తర్వాత్తర్వాత అంతా తారుమారైంది. టికెట్ మీద అంకె పెరిగితే జనం దాన్ని నలిపి పట్టాల మీద పారేయడం మొదలుపెట్టారు.

భువనగిరి నుంచి రోజూ రైల్లో వచ్చి సికింద్రాబాద్‌లో కొలువు చేసే ఒక అమ్మాయి ఈ యంత్రానికి బాగా గుర్తు. పెళ్లి కుదిరింది. నెలలో పది కిలోలు తగ్గాలని పట్టుబట్టింది. ఒక సాయంత్రం పక్కన పెద్దమ్మ కూడా ఉంది.

"పెద్దమ్మా, వారంల మూడు కిలోలు తగ్గిన, చూడు!"

"గట్లెట్ల తగ్గినవే? ఏం తింటున్నవ్?"

"పొద్దుగాల నిమ్మకాయ నీళ్లు. రాత్రికి ఒక కీర."

"మొఖం చూస్కున్నవా బిడ్డా, పీక్కపోయింది. మెట్లెక్కితే ఆయాసమొస్తున్నది నీకు."

పెద్దమ్మ చూసినంత ఈ యంత్రం చూడలేదు. దీనికి తెలిసింది మొత్తం బరువొక్కటే. అందులో కొవ్వెంత, కండెంత, నీరెంత అన్నది దీని లెక్కకు అందదు. మన ఒంట్లో కాలేయం, కండరాలు కలిపి దాదాపు అర కిలో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వను దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు అంటుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా మానేస్తే ముందు కరిగేది ఆ నిల్వ, దాంతోపాటు పోయేది ఆ నీరు. మొదటి వారం కిలోలకు కిలోలు తగ్గడంలోని కిటుకు ఇదే. నాలుగు రోజులు మామూలుగా అన్నం తింటే ఆ బరువు తిరిగొస్తుంది.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ తెలుగు రాష్ట్రాలను ఊపేసింది. అన్నం, రొట్టె మాని రోజుకు 70 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. దాని మంచిచెడ్డల మీద డాక్టర్లు గట్టిగానే వాదించారు. అలాంటి ఏ డైట్ విషయంలోనైనా తొలి వారం అంకెను చూసి మురిసిపోకూడదన్నదే ఈ యంత్రం మాట.

అసలు కొవ్వు కరగడం నెమ్మది పని. కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలుంటాయి. వారానికి అర కిలో తగ్గాలంటే రోజుకు 550 కిలోకేలరీల లోటు చూపాలి. ఆ లోటును కొంత కంచంలో, కొంత నడకలో సర్దుకోవచ్చు. వారానికి మూడు కిలోలంటే రోజుకు 3,300 లోటు. చాలామంది రోజంతా కలిపి అంత ఖర్చే పెట్టరు. మరి ఆ బరువు ఎక్కణ్ణుంచి పోతుంది? నీటి నుంచి, కండ నుంచి. మరీ వేగంగా తగ్గినవారికి పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పు పెరుగుతుంది. రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడమూ మామూలే.

నెమ్మదిగానే తగ్గాలన్న మాట చెప్పే పెద్దలు స్టేషన్‌కు దగ్గర్లోనే, తార్నాకలో ఉన్నారు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అది. 2024 మేలో వెలువడ్డ దాని ఆహార మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడమే క్షేమమన్నాయి. బరువు తగ్గే ఆహారమైనా రోజుకు 1,000 కిలోకేలరీలకు తగ్గకూడదని, విపరీత పద్ధతుల జోలికి పోవద్దని హెచ్చరించాయి. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమన్నాయి. స్టేషన్ పక్కనే మోండా మార్కెట్ ఉంది. తోటకూర, సొరకాయ, బీరకాయ అక్కడ కొండలా పోసి అమ్ముతారు. ఎదురుగా ఆల్ఫా హోటల్ ఇరానీ చాయ్ కూడా ఉంది. దాన్ని పూర్తిగా మానక్కర్లేదు. రోజుకు నాలుగు తాగేవారు రెండుకు దిగినా లెక్కలో తేడా తెలుస్తుంది.

80 కిలోల మనిషి ఆరు నెలల్లో నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తగ్గినా బీపీ, షుగర్ అదుపులోకి రావడానికి అది చాలావరకు సాయపడుతుంది. పది కిలోలు నెలలో పోవాలన్న పంతం ఎవరికీ అక్కర్లేదు, పెళ్లికూతురికి అసలే అక్కర్లేదు.

2023లో స్టేషన్ పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. అప్పటికే దీపాల యంత్రాల కాలం వెళ్లిపోయింది, ఇంటింటికీ అద్దం పలక కాటాలొచ్చాయి. వాటి మీద రోజుకు పదిసార్లు ఎక్కేవారికి ఈ పాత యంత్రం చెప్పేదొక్కటే: ఒకే మనిషి బరువు ఒక్క రోజులోనే కిలో, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. ఉప్పు ఎక్కువ తిన్నా, రాత్రంతా రైల్లో కూర్చుని కాళ్లు వాచినా అంకె మారుతుంది. కాబట్టి వారానికి ఒకేసారి, పొద్దున లేచాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. నెలకు రెండు కిలోలు తగ్గుతుంటే అదే మంచి నడక. షుగర్, బీపీ మందులు వాడేవారు తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి. ఇక మీరేమీ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి చూపించుకోండి.