రెండు ఆరు గాజులు, మూడు రకాల ధరలు

మా ఇంట్లో నేను కొన్న ప్రతి వస్తువుకీ రెండు ధరలుంటాయి. ఒకటి నేనిచ్చింది, రెండోది నేను చెప్పింది. ఈ ఏర్పాటు కొండపల్లి అంబారీ ఏనుగుతో మొదలైంది. అప్పటికి కొత్తగా పెళ్లయింది, నిజాలు చెప్పే వయసు. "ఎంతకిచ్చాడు?" అంది మా ఆవిడ. చెప్పాను. ఆవిడ ఏనుగుని అటూ ఇటూ తిప్పింది, తొండం కింద చూసింది, బల్ల మీద పెట్టి "సగానికి అడగాల్సింది" అంది. తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి ఆ ఏనుగు బరువే ఉండదు. ఆ మాట బరువు మాత్రం ఇప్పటికీ మొయ్యలేకపోతున్నాను.

ఈమధ్య ఆఫీసు పని మీద కాకినాడ నుంచి హైదరాబాద్ బయల్దేరుతుంటే, "లాడ్ బజార్లో లక్క గాజులు పట్రండి. రెండు ఆరు" అంది. రెండు ఆర్లు పన్నెండు, డజను గాజులన్నమాట అనుకుని తలూపాను. కాదట. అది సైజట. గాజు లోపలి వెడల్పు రెండంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు ఆరు. గాజుల కొట్టు మెట్టెక్కిన ప్రతి ఆడపిల్లకీ తెలిసిన ఈ భిన్నాల లెక్క, పదో తరగతి లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకున్న నాకు తెలీదు.

హైదరాబాద్‌లో స్థిరపడ్డ స్నేహితుడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, నిన్ను చూస్తేనే ధర పెంచుతారు. నాలుగు సూత్రాలు చెప్తాను రాసుకో" అన్నాడు. ఒకటి, పొద్దున్నే వెళ్లు, బోణీ బేరం ఎవడూ వదులుకోడు. రెండు, నచ్చిన సంగతి మొహంలో కనపడనీయకు. మూడు, చెప్పినదాంట్లో సగానికి అడుగు. నాలుగు, ఇవ్వనంటే లేచి వచ్చెయ్, వాడే వెనక్కి పిలుస్తాడు.

బోణీ కోసం ఏడున్నరకల్లా చార్మినార్ దగ్గరున్నాను. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన నాలుగు మీనార్లూ నిటారుగా నిలబడే ఉన్నాయి. దానికి పడమర పక్కన లాడ్ బజార్ మాత్రం ఒక్క షట్టరూ ఎత్తకుండా నిద్రపోతోంది. రంజాన్ నెలలో అయితే తెల్లవార్లూ మేలుకునే ఉంటుందిట. మామూలు రోజుల్లో? వీధి ఊడుస్తున్నతన్ని అడిగితే "గ్యారా బజే" అన్నాడు. మూడున్నర గంటలు. నాలుగు ఇరానీ చాయ్‌లు, లెక్కపెట్టకూడనన్ని ఉస్మానియా బిస్కట్లు. ఆరోజు బోణీ నేను చెయ్యలేదు. చాయ్ కొట్టతను నా మీద చేసుకున్నాడు.

చాయ్‌కీ చాయ్‌కీ మధ్య, రోడ్డు పక్కన ఒకతను గుడ్డ పరిచి అరచేతిలో పట్టే ఇత్తడి చార్మినార్లు పేరుస్తుంటే, పెద్ద బేరానికి ముందు చెయ్యి తిరుగుతుంది కదా అని ఆగాను.

"కిత్నా?"

"డేఢ్ సౌ, సాబ్."

ఏక్, దో, తీన్ వరకూ నా హిందీకి ఢోకా లేదు. ఈ డేఢ్, ఢాయీ దగ్గరే కాలు జారుతుంది. ఒకటి ఒకటిన్నర, ఒకటి రెండున్నర. ఏది ఏదో ఆ క్షణాన తట్టక, రెండొందల యాభై అంటున్నాడని తేల్చుకున్నాను. సూత్రం ప్రకారం సగానికి అడగాలి. పొద్దున్నే మరీ సగానికి అడగడానికి మొహమాటం వేసి, గొంతు గట్టిచేసుకుని, "దో సౌ. ఆఖరు మాట!" అన్నాను.

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఒక్క క్షణం ఆకాశంలోకి చూశాడు. "లే లో సాబ్, ఆప్ కే లియే" అన్నాడు.

నూటయాభై చెప్పిన వస్తువుని పోరాడి రెండొందలకి సాధించానని రాత్రి స్నేహితుడు వివరించేదాకా, ఆ ఇత్తడి ముక్కని విజయస్తంభంలా జేబులో మోస్తూ తిరిగాను. కాబట్టి పాతబస్తీకి వెళ్లేవారికి నా అనుభవం మీద చెప్పగలిగిన మొదటి మాట: డేఢ్, ఢాయీ, సాఢే రానివాళ్లు ఫోన్లో అంకె నొక్కి చూపించమనండి. నామోషీ ఏమీ లేదు, పైగా చవక.

పదకొండింటికి బజారు కళ్లు తెరిచింది. లాడ్ అనే పేరు లక్క నుంచి వచ్చిందనేవాళ్లు కొందరు, గారాబం అనే అర్థంలో వచ్చిందనేవాళ్లు కొందరు. వీధిలో అడుగుపెడితే రెండోదే నిజమనిపిస్తుంది. ప్రతి గుమ్మంలోనూ "ఆయియే సాబ్, చూడండి సాబ్, చూస్తే పైసల్ పడవు" అని గారాబమే. అద్దాల వెనక వరసలు వరసలుగా గాజులు. వాటి మీద దీపాలు పడి, వీధి మొత్తం పెళ్లికూతురు చెయ్యి చాపినట్టుంది. ఈ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు పేరు చెప్పి ధర ఎంత పెంచుతారో అని నేను లోపల్లోపల బిగుసుకున్నాను.

ఒక కొట్టు మెట్టెక్కాను. రెండో సూత్రం గుర్తుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి తండ్రిలా మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఎర్రటివి చూపించాడు, ఆకుపచ్చవి చూపించాడు. మెరూన్ రంగు మీద తెల్లరాళ్ల సెట్టు తీశాడు. నేను కనురెప్ప కూడా కదపలేదు. అతను మిగతావన్నీ పక్కకి జరిపి, "సాబ్‌కి ఇదే నచ్చింది" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా మొహాలు చదువుతున్నవాడి ముందు నేను మొహం దాచబోయాను.

"బారా సౌ."

పన్నెండొందలు. ఇది అర్థమైంది. ఆరొందలన్నాను. అతను కోప్పడితే బేరం సాగేది. కోప్పడలేదు. నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు గాజుల మీద పెట్టె మూత పెట్టి, "గిట్టదు సాబ్" అన్నాడు.

నాలుగో సూత్రం. లేచాను. మెట్లు దిగాను. పిలుస్తాడు కదా అని మెల్లగా నడిచాను. పిలవలేదు. ఇంకా మెల్లగా నడిచాను. వెనక్కి చూడకుండా వెనకేం జరుగుతోందో తెలుసుకోవడానికి బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాను. వంగాక చూసుకుంటే కాళ్లకి చెప్పులున్నాయి. వీధిలో వంగి తన చెప్పులు తనే పట్టుకున్న మనిషిని చూసి ఒక పెద్దాయన జాలిగా "క్యా హువా భాయ్?" అన్నాడు. ఏమీ లేదని తిరిగి అదే కొట్టుకొచ్చాను. కొట్టతను ఎగతాళి చెయ్యలేదు. స్టూలు జరిపాడంతే. ఆ మర్యాదకి నా బేరంలో సగం నీరుకారిపోయింది.

మిగతా సగం కొట్టు వెనకాల పోయింది. అక్కడ కుంపటి ముందు ఒక కుర్రాడు లక్కని వేడిచేసి, కడ్డీలా సాగదీసి, గాజు ఆకారానికి వంచుతున్నాడు. ఆ మెత్తదనం ఆరకముందే నువ్వుగింజంత రాయిని తీసి అందులో నొక్కుతున్నాడు. ఒకటి, దాని పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఆరితే రాయి దిగదు, మళ్లీ సెగ చూపించాలి. సెగ ఎక్కువైతే అప్పటిదాకా పెట్టిన వరస కదులుతుంది. నలభై దాకా లెక్కపెట్టి నేనే తప్పిపోయాను. ఆ కుర్రాడు తప్పిపోలేదు. కొట్టతను నా సెట్టులో ఒక గాజు తీసి, వరసలో వెంట్రుకవాసి వంకర చూపించి, "మిషన్ గాజుకి వంకర ఉండదు సాబ్. చేత్తో చేస్తే ఉంటది" అన్నాడు.

తర్వాత అతను వెయ్యన్నాడు, నేను ఎనిమిదొందలన్నాను. "మీ మాటా వద్దు, నా మాటా వద్దు" అని తొమ్మిదొందలకి తెగింది. ఆ మాట ముందు ఎవరన్నారో గుర్తులేదు. నేనే అని ఉంటాను.

ఇంటికొచ్చి ఆరొందలన్నాను.

మా ఆవిడ వరసలో వంకర మూడు సెకన్లలో పట్టేసింది. "నాలుగొందలకి రావాలి. పోన్లెండి, ఏనుగు కంటే నయం" అంది. ఆ కితాబుతో పేపరు చదువుకుంటుంటే పక్కింటి పిన్నిగారొచ్చారు. "ఎంతేమిటమ్మాయ్?" అన్నారు. మొగుడు మోసపోయాడని ఊరికి తెలిస్తే ఎవరికి నామర్దా? మా ఆవిడ తడుముకోకుండా "అయిదొందలండీ" అంది. పేపరు వెనక నేను మూడొందలు పైకి, వందరూపాయలు కిందికి లెక్కేసుకుంటున్నాను.

"అయిదొందలే! మరి మా కోడలికో సెట్టు, రెండు నాలుగు. మా వియ్యపురాలికి రెండు ఎనిమిది..."

వారం తిరిగేసరికి ఆరు సెట్లకి ఆర్డరు, మూడు వేలు అడ్వాన్సు. "మీరెటూ నెలాఖరుకి మళ్లీ వెళ్తున్నారుగా" అని మా ఆవిడ ఆ డబ్బు నా చొక్కా జేబులో స్వయంగా పెట్టింది.

రెండోసారి వెళ్లినప్పుడు సూత్రాల కాగితం ఇంట్లోనే వదిలేశాను. కొట్టతనికి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను విని, పక్క కొట్టతన్ని పిలిచి అతనికి చెప్పాడు. అతను ఎదురు కొట్టతనికి చెప్పాడు. వీధిలో ఆ వైపంతా కాసేపు వ్యాపారం ఆగింది. చివరికి కళ్లు తుడుచుకుని సెట్టు ఎనిమిదొందల యాభైకి ఇచ్చాడు. ఆరు సెట్లకి అయిదు వేల వంద. రెండు వేల వంద నా జేబులోంచి. మూట కడుతూ అన్నాడు: "ఇంట్లో ఎప్పుడూ ఎక్కువ చెప్పాలి సాబ్. బేగం ఒక్కసారి తిడతది, అయిపోతది. తక్కువ చెప్తే ఆర్డర్లొస్తయి."

నా స్నేహితుడి నాలుగు సూత్రాలూ కలిపినా ఈ ఒక్క మాటకి సాటిరావు. ఇంకా కావాలంటే నా వంతుగా ఇవి కలుపుకోండి. ముందు గోల్కొండ, లేపాక్షి లాంటి ప్రభుత్వ హస్తకళల దుకాణంలో రాసిపెట్టిన ధర చూసుకుని, ఆ తర్వాత బజారుకెళ్లండి. చిల్లర నోట్లు పెట్టుకోండి. సైజు కాగితం మీద రాయించుకోండి. పత్తర్‌గట్టిలో ముత్యాలు కొంటే రెండిటిని ఒకదానికొకటి మెల్లగా రాసి చూడండి, అసలువి గరగరలాడతాయి. వస్తువు చేస్తున్న మనిషిని మాత్రం బేరం తెగాకే చూడండి. ముందే చూస్తే నోరు పెగలదు.

శ్రావణమాసం వచ్చింది. ఒక శుక్రవారం పేరంటం నుంచి మా ఆవిడ విసురుగా ఇంటికొచ్చి, చెప్పులు ఓ మూలకి విడిచి, గాజులున్న చెయ్యి నా మొహం ముందు ఆడించింది.

"అచ్చం ఇవేనండీ! వెనక వీధిలో కొత్తగా దిగినావిడ వేసుకుంది. ఎంతో తెలుసా? మూడొందల యాభై! వాళ్ల చుట్టాలెవరికో తెలిసినాయన ఒకాయన ఉన్నాడట. ఆయన లాడ్ బజార్లో అడుగుపెడితే కొట్లవాళ్లు హడలిపోతారట. ఎంత చెప్తే అంతకి నోరెత్తకుండా ఇచ్చేస్తారట. ఆ మహానుభావుడెవరో కనుక్కుని, ఈసారి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి."

కనుక్కుంటానన్నాను.