కుర్చీకి తేమ ఎంత?

"తరుగు పేరుతో ఒక్క కిలో తీసినా కఠిన చర్యలు తప్పవు."

ఈ వారం మళ్ళీ విన్నాం. వానాకాలంలో ఒకసారి, యాసంగిలో ఒకసారి, ఏడాదికి రెండు పంటలు పండే మాట ఇది. సర్కార్లు మారాయి గానీ విత్తనం మారలేదు. నల్లగొండలో చల్లినా, పాలమూరులో చల్లినా దిగుబడి ఒక్కటే: పేపర్లో మూడు కాలమ్‌ల వార్త, మిల్లు దగ్గర బస్తాకు రెండు కిలోల కోత.

చర్యలు తీసుకుంటారా లేదా అని నేను అడగడం లేదు. అది పెద్దవాళ్ళ విషయం. నా బెంగంతా ఆ చర్యలు తీసుకోవలసిన సారు ఎక్కడ కూర్చుంటాడని. నిలబడి కఠిన చర్యలు తీసుకోవడం కుదరదు కదా. చర్య అంటే ఒక కాగితం. కాగితానికి బల్ల కావాలి, బల్లకు కుర్చీ కావాలి, కుర్చీకి ఇంత నీడ కావాలి. ప్రకటనలో వీటి ఊసే లేదు.

వడ్లను చూడండి, వాటికి ఎంత మర్యాదో! తేమ 17 శాతం దాటకూడదు. మట్టి, రాళ్ళు ఒక శాతం. తాలు, గడ్డి ఒక శాతం. రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి కలిపి 5 శాతం. ముదరని గింజలు, ముడుచుకుపోయినవి 3 శాతం. తక్కువ రకం కలగలుపు 6 శాతం. ఇదంతా కలిపి ఎఫ్‌ఏక్యూ అంటారు. ఐకేపీ కొనుగోలు సెంటర్లో ఫ్లెక్సీ కట్టి మరీ రాస్తారు. గింజ ఎలా ఉండాలో ఇంత వివరంగా రాసుకున్న దేశంలో, ఆ గింజను పరీక్షించే మనిషి కూర్చునే చోటు ఎలా ఉండాలో ఎక్కడా ఫ్లెక్సీ లేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. కొత్త కొలతలు కనిపెట్టే తెలివి నాకు లేదు గనక ఉన్నవే వాడేస్తున్నాను. వడ్లకు పనికొచ్చిన కొలత కుర్చీకి పనికిరాకుండా పోతుందా?

ముందు తేమ.

సెంటర్లో వడ్లు పరీక్షించే ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) సారుకు ఉండేది ఒక ప్లాస్టిక్ కుర్చీ. పైన టెంటు ఉంటే టెంటు, లేకపోతే వేపచెట్టు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కల్లాల మీది వడ్లు తడిశాయి, కొన్నిచోట్ల కొట్టుకుపోయాయి. కుర్చీ మాత్రం పొడిగా ఉంటుందా? కాబట్టి ఇకమీదట పొద్దున్నే ఒక రైతు మాశ్చర్ మిషన్ తీసుకుని సారు కుర్చీకి పెట్టాలి.

"సార్, పద్దెనిమిదిన్నర వచ్చింది."

"అయితే?"

"అయితే ఏముంది సార్, రూల్ ప్రకారం తీసుకోరాదు. ఎండబెట్టుకొని రేపు తీసుకురాండ్రి. గంటకోసారి తిరగెయ్యాలె. రాత్రి మంచు పడుతది, పరదా కప్పుకోండ్రి. పరదా కిరాయి మీదే."

ఎండబెట్టి తెచ్చాక సీరియల్ ఉంటుంది. సారు తన కుర్చీని వరసలో పెట్టి, తువ్వాల పరిచి, దాని పక్కనే పడుకోవాలి. ముందు అరవై కుర్చీలున్నాయి, బార్దాన్ రాలేదు, హమాలీలు పక్క ఊరికి పోయారు, లారీ పెట్టలేదు. వంతు వచ్చేసరికి మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే మళ్ళీ మాశ్చర్ మొదటికొస్తుంది. ఈలోగా కుర్చీ లేనందువల్ల సారుకు జరిగిన నష్టానికి ఎవరు జవాబుదారీ అని అడక్కూడదు. అధైర్యపడొద్దు, చివరి కుర్చీ వరకూ కొంటాం.

యాసంగిలో తేమ బాధ ఉండదు, ఇంకో బాధ ఉంటుంది. మన ఎండలకు ఎండిన గింజ మిల్లులో పడగానే విరిగి నూక అవుతుంది. అందుకే యాసంగి వడ్లను ఉడికించి ఉప్పుడు బియ్యం పట్టేవాళ్ళు. వాటిని ఢిల్లీ తీసుకోనంటే 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రే ఢిల్లీ వెళ్ళి ధర్నాకు కూర్చున్నారు. మే నెల ఎండకు ప్లాస్టిక్ కుర్చీ కూడా పెళుసెక్కి ఫట్‌మని విరుగుతుంది. దాని కోసం ధర్నాకు ఎవరు కూర్చుంటారు, దేని మీద కూర్చుంటారు?

తర్వాత తాలు. బల్ల మీది కాగితాలన్నీ ప్యాడీ క్లీనర్‌లో పోసి తూర్పార పట్టాలి. గాలికి మొదట ఎగిరేది 'కఠిన చర్యలు' అన్న కాగితం. పైకి పచ్చగా, నిండుగా కనపడుతుంది గానీ నొక్కితే లోపల గింజ ఉండదు. దాని వెనకే 'విచారణకు ఆదేశించాం' ఎగిరిపోతుంది. 'నివేదిక రాగానే' అన్నది కొంచెం దూరం పోయి కిందపడుతుంది, అది ముదరని గింజ, మూడు శాతం దాకా భరించాలి. ఇలా పట్టగా పట్టగా బల్ల మీద మిగిలేది ఒక రిజిస్టరు, దారం కట్టిన ఒక పెన్ను. ఎఫ్‌ఏక్యూ పాసైంది అవే.

ఇక అసలు పరీక్ష ఒకటుంది. మట్టి, రాళ్ళ వంటి పరాయి పదార్థం ఒక శాతానికి మించరాదన్న నిబంధన. దీన్ని సెంటర్లో పెట్టి లాభం లేదు, మిల్లులో పెట్టాలి. మిర్యాలగూడ చుట్టూ ఏ రోడ్డు పట్టినా మిల్లే ఎదురవుతుంది కాబట్టి చోటుకు కొదువ లేదు. సారు తనిఖీకి వెళ్తాడు. కూర్చునే గది మిల్లువాళ్ళది. ఏసీ వాళ్ళది. కుర్చీ వాళ్ళది, మెత్తటిది, తేమ సున్నా. బల్ల వాళ్ళది, బల్ల మీది టీ వాళ్ళది, పక్కన బిస్కెట్లు వాళ్ళవి, ఫోను ఛార్జింగు పెట్టిన తీగ వాళ్ళది. శాంపిలు తెచ్చిన కుర్రాడు వాళ్ళ మనిషి, ఏ బస్తాలోంచి తియ్యాలో అతనికి బాగా తెలుసు. లెక్క కట్టి చూస్తే ఆ గదిలో పరాయి పదార్థం 99 శాతం తేలుతుంది. సర్కారువారిది ఒక్క శాతం, అది సారు. ఆ ఒక్క శాతం మీదా ఊళ్ళో కొందరికి అనుమానాలున్నాయి, వాళ్ళ నోళ్ళు మంచివి కావు.

ఇదేదో నా పైత్యం అనుకునేరు. తనిఖీ చేసే మనిషి ఎక్కడ కూర్చోవాలో అమెరికాలో రూలుగా రాసుకున్నారు. అక్కడ ధాన్యాన్ని ఎలివేటర్లనే పెద్ద పెద్ద గోదాముల్లో పోసి ఓడలకు ఎక్కిస్తారు. ఆ ఎలివేటర్లో సర్కారు తరఫున తనిఖీ జరగాలంటే, తనిఖీ చేసే మనిషికి తగినంత చోటు, అదీ వేరుగా, ఎలివేటర్ వాళ్ళే ఇచ్చి తీరాలి. ఇందులో 'వేరుగా' అన్నదే ముఖ్యం. వాళ్ళకు తనిఖీ చట్టం 1916 నుంచీ ఉంది. 1970ల నడుమ న్యూ ఆర్లీన్స్ రేవులో ఇన్‌స్పెక్టర్లు లంచాలు తిని ధాన్యం రకాన్ని, తూకాన్ని తారుమారు చేసిన సంగతి బయటపడి, కేసులై, దేశం పరువు పోయాక 1976లో చట్టం మార్చారు. ఓడ రేవుల్లో తనిఖీని సర్కారు తన చేతికి తీసుకుంది, ఎఫ్‌జీఐఎస్ అని కొత్త సంస్థ పెట్టింది. అంటే అక్కడివాళ్ళు పుట్టుకతో పుణ్యాత్ములేమీ కారు. దొంగతనం ఎక్కడ జరుగుతుందో చూసుకుని, అక్కడ కుర్చీ వేశారు. అంతే.

మనం కూడా కుర్చీ వేశాం. దొంగతనం జరగని చోట.

మన పద్ధతిలో సెంటర్లోనే అన్నీ ఉన్నాయి. మాశ్చర్ మిషన్ ఉంది, కాంటా ఉంది, ఏఈఓ ఉన్నాడు, క్వింటాలుకు 32 రూపాయల కమీషన్ మీద ఎండలో పనిచేసే మహిళా సంఘం అక్కలున్నారు. వడ్లు చూశారు, బాగున్నాయన్నారు, తూకం వేశారు, బస్తాలు కుట్టారు, లారీ ఎక్కించారు. ఇంతటితో రైతు పని అయిపోయిందని ప్రతి కలెక్టరు, ప్రతి మంత్రి చెబుతాడు. కాగితం మీద అయిపోతుంది కూడా. కానీ లారీ మిల్లు గేటు దగ్గర ఆగుతుంది. అక్కడ ఒకతను బస్తాలోకి బొంగు గుచ్చి గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, ఒక గింజ పంటి కింద వేసుకుంటాడు. సర్కారు మిషన్ 16 చూపిస్తే ఆ పన్ను 19 చూపిస్తుంది. దానికి సీలు లేదు, సర్టిఫికెట్ లేదు, అప్పీలు లేదు. సెంటరుకు ఫోనొస్తుంది: తాలుంది, బస్తాకు ఇన్ని కిలోలు తీస్తే దించుతాం, లేకుంటే లారీ వాపస్. లారీ వాపస్ వస్తే మళ్ళీ కిరాయి, మళ్ళీ హమాలీ, మళ్ళీ మబ్బు. ట్రక్ షీటులో మిల్లు రాసిన అంకె ఎక్కితే తప్ప రైతు ఖాతాలో పైసలు పడవు. సంఘం అక్క రైతు మొహం చూస్తుంది. రైతు అంటాడు: "తీసుకొమ్మనవ్వా, ఏం జేస్తం."

ఈ 'ఏం జేస్తం' ఖరీదెంతో లెక్క కడదాం. బస్తాకు రెండు కిలోలే అనుకుందాం, మరీ ఎక్కువ అనకుండా. ఆరు వందల బస్తాల లారీకి 1,200 కిలోలు. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఒక్క లారీ గేటు దాటేటప్పటికి 28,668 రూపాయలు రాలిపోతాయి. ఎకరానికి 25 క్వింటాళ్ళు పండించిన మనిషికి మూడు వేలకు కొంచెం తక్కువ. ఆ కోసిన వడ్లకు మిల్లు సర్కారుకు బియ్యం బాకీ పడదు. వచ్చిన క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాలన్నది తూకం రాసుకున్న వడ్లకే. రాసుకోని వడ్ల బియ్యం, తవుడు, ఊక, అంతా మిల్లుదే. అసలు రాసుకున్న వడ్లకే దిక్కులేదు. సర్కారు పేరున మిల్లులో ఉండవలసిన నిల్వలు తనిఖీకి వెళ్ళేసరికి కనపడకుండా పోయిన కేసులు వనపర్తిలో చూశాం, సూర్యాపేటలో చూశాం. గుట్టలు గుట్టలుగా ఉన్న వడ్లు మాయమవుతుంటే ఎవరూ చూడలేదంటే, చూడవలసిన మనిషికి అక్కడ తనదంటూ కుర్చీ లేదనే కదా.

ఇక చాలు, కుర్చీల నవ్వులాట.

2021 నవంబరులో నల్లగొండ దగ్గరి ఆర్జాలబావి సెంటరుకు పార్టీల జెండాలొచ్చాయి, రాళ్ళొచ్చాయి, కెమెరాలొచ్చాయి. అదే నెలలో కామారెడ్డి జిల్లా లింగంపేట సెంటర్లో వడ్లు అమ్ముడుపోక రోజుల తరబడి కావలి కాసిన రైతు ఒకాయన వడ్ల కుప్ప మీదే ప్రాణం విడిచాడు. ఆయన గింజల తేమ ఎంతో ఎవరైనా కొలిచి ఉంటారు, అది 17 దాటిందో లేదో రిజిస్టరులో ఉండే ఉంటుంది. మనిషి కుప్ప పక్కన ఎన్ని రాత్రులు పడుకోవచ్చో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా శాతం రాయలేదు. గింజకు ఆరు రకాల పరీక్షలు పెట్టి, దాన్ని పండించినవాణ్ణి ఒక్కదానిలోనూ లెక్కలోకి తీసుకోని సర్కారు, తరుగు తీసేవాళ్ళకు ఏటా రెండుసార్లు మైకులో వార్నింగు ఇస్తే ఎవడికి భయం? మిల్లు గేటులో సర్కారు మనిషి లేడని మిల్లుకు తెలుసు. మంత్రికి తెలుసు. కలెక్టరుకు తెలుసు. లారీ క్లీనరుకు కూడా తెలుసు. తెలిసీ ఇస్తున్న వార్నింగు రైతును ఊరుకోబెట్టడానికే తప్ప ఇంకెందుకు?

నా ప్రమాణాల చిత్తుప్రతిని వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఒక్క పేరా జీవో చాలు. సర్కారు వడ్లు దిగే ప్రతి మిల్లులో, కాంటా కనపడేంత దగ్గర, మిల్లు ఆఫీసుతో తలుపు కలవని గది ఒకటి, అందులో సర్కారు కుర్చీ, సర్కారు మాశ్చర్ మిషన్. మిల్లు కొర్రీ పెడితే ఆ కుర్చీలో ఉన్న మనిషి రైతు ముందో సంఘం అక్క ముందో మళ్ళీ కొలిచి సంతకం పెట్టాలి. సెంటర్లో ఎక్కించిన తూకం, మిల్లులో దించిన తూకం, రెండూ అదే రోజు రైతు ఫోనుకు పోవాలి. ఆ రెండు అంకెల మధ్య తేడా వస్తే ఆ సంతకం పెట్టినవాడి జీతంలోంచి తరుగు తీయండి, కిలోకు 23 రూపాయల 89 పైసల చొప్పున.