మూడున్నర నంబరు గొట్టం స్వీయచరిత్ర

ఈ చరిత్రకు కర్తా, కథావస్తువూ ఒకటే: లోపలి వ్యాసం 3.5 మిల్లీమీటర్లు ఉండి, సుమారు ఏడాది వయసు పిల్లల శ్వాసనాళంలో అమర్చడానికి తయారైన ఒక ప్లాస్టిక్ గొట్టం. శాస్త్రగ్రంథాల మర్యాదను పాటించి అది తన్ను తాను ‘ఈ గొట్టం’ అనే వ్యవహరించుకుంటుంది. ఆసుపత్రిలో ‘ట్యూబు వేశాం’ అని వైద్యులు బంధువులతో అనే మాటలోని ట్యూబు ఇదే. శస్త్రచికిత్స కోసం పూర్తి మత్తు ఇచ్చినప్పుడు గానీ, బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటరు అవసరమైనప్పుడు గానీ, ఇది నోటి గుండానో ముక్కు గుండానో ప్రవేశించి, స్వరపేటికలోని రెండు స్వరతంత్రుల నడుమ నుంచి దిగి, ఊపిరితిత్తులకు గాలి చేరే దారిని తెరిచి ఉంచుతుంది.

దీని దేహం పాలీవినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్. శరీరపు వేడికి కొంత మెత్తబడి గొంతు వంపుకు లొంగుతుంది. ఒక కొన ఏటవాలుగా కోసి ఉంటుంది. రెండో కొనకు మత్తుయంత్రాలకూ వెంటిలేటర్లకూ ఒకేలా సరిపోయే 15 మిల్లీమీటర్ల జోడింపు ముక్క ఉంటుంది. పొడవునా సాగే ఒక గీత ఎక్స్‌రే చిత్రంలో కనిపించి, కొన ఎక్కడ ఆగిందో చెబుతుంది. కొనకు కాస్త ఎగువన కఫ్ ఉంటుంది. కఫ్ అంటే గాలి ఎక్కిస్తే ఉబ్బి, గొట్టానికీ శ్వాసనాళపు గోడకూ మధ్యనున్న సందును మూసే పలుచని బుడగ. ఈ బుడగ పెద్దల గొట్టాలకు ఎప్పటినుంచో ఉన్నా, ఎనిమిదేళ్ల లోపు పిల్లల గొట్టాలకు ఉండరాదని వైద్యశాస్త్రం అర్ధశతాబ్దం పాటు బోధించింది. ఆ బోధన ఎక్కడ పుట్టి ఎలా సడలిందన్నదే ఈ గొట్టపు జీవితంలో చెప్పుకోదగ్గ భాగం.

పిల్లల విషయంలో అంత జాగ్రత్త అకారణం కాదు. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసమున్న గాలిదారిలో, లోపలి తడి పొర అయిన శ్లేష్మపొర చుట్టూరా ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలే వ్యాసం రెండు మిల్లీమీటర్లే. అంటే దారి వైశాల్యం నాలుగోవంతుకు పడిపోతుంది. గాలి సాఫీగా పారినంతవరకు దాని ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కనుక, ఆ నిరోధం ఏకంగా 16 రెట్లవుతుంది. పెద్దవాళ్లలో గొంతు బొంగురుతో పోయే వాపు, పసిబిడ్డలో ఊపిరి లోనికి పీల్చినప్పుడల్లా కీచుమనే శబ్దంగా, ఒక్కోసారి ప్రాణగండంగా పరిణమిస్తుంది.

ఈ గొట్టపు పూర్వీకులు లోహపువి. 1880లలో న్యూయార్క్‌లో జోసెఫ్ ఓడ్వయర్, కంఠసర్పి లేదా డిఫ్తీరియా అనే వ్యాధిలో గొంతులో పొర కట్టి ఊపిరాడని పిల్లలకు, మెడ కోయకుండా నోటి గుండానే స్వరపేటికలో దిగే పొట్టి గొట్టాలను వాడుకలోకి తెచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, ముఖం ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులో శస్త్రచికిత్సలు జరిగేటప్పుడు మత్తు ఇచ్చిన ఐవన్ మాగిల్, స్టాన్లీ రౌబాథమ్‌లు రబ్బరు గొట్టాల వాడకాన్ని వ్యాప్తిచేశారు. 1928లో ఆర్థర్ గ్వెడెల్, రాల్ఫ్ వాటర్స్‌లు కఫ్ ఉన్న గొట్టాన్ని ప్రకటించారు. అది సందును ఎంత గట్టిగా మూస్తుందో నిరూపించడానికి గ్వెడెల్ తన పెంపుడు కుక్కకు మత్తిచ్చి, గొట్టం వేసి, నీళ్లలో ముంచి చూపించగా, అది క్షేమంగా బయటికి వచ్చింది. ఆ కుక్క పేరు ‘ఎయిర్‌వే’, అంటే గాలిదారి. ఇన్ని తరాల పూర్వీకుల్లో పేరుతో సహా అందరికీ గుర్తున్నది ఆ కుక్కే కావడం ఈ గొట్టానికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

పిల్లల గొట్టాలకు కఫ్ లేకుండా చేసిన నమ్మకానికి మూలం మాత్రం ఫ్రాన్స్‌లో ఉంది. 1897లో బాయో అనే వైద్యుడు, ఓడ్వయర్ దారిలోనే గొంతువ్యాధులకు గొట్టాలు వేసే పద్ధతిని పరిశీలిస్తూ, చనిపోయిన పిల్లల గొంతుల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీశాడు. ఆ అచ్చుల్లో గాలిదారి అన్నిటికంటె సన్నగా ఉన్న చోటు స్వరతంత్రుల దగ్గర కాక, వాటికి దిగువన ఉన్న క్రికాయిడ్ మృదులాస్థి దగ్గర కనిపించింది. మృదులాస్థి అంటే ఎముకకన్నా మెత్తనిదే అయినా తన ఆకారాన్ని వదలని కణజాలం; శ్వాసమార్గంలో చుట్టూరా తెగకుండా మూసుకున్న ఏకైక ఉంగరం క్రికాయిడే. 1951లో అమెరికా మత్తువైద్యుడు జేమ్స్ ఎకెన్‌హాఫ్, పసిపిల్లల స్వరపేటిక గురించిన తన ప్రసిద్ధ వ్యాసంలో ఈ కొలతలను ఉటంకించాడు. అవి శవాల నుంచి తీసిన అచ్చుల కొలతలనీ, బతికున్నవారికి పూర్తిగా వర్తించకపోవచ్చనీ ఆయన హెచ్చరించాడు కూడా. పాఠ్యపుస్తకాలు కొలతలను స్వీకరించి హెచ్చరికను వదిలేశాయి. పెద్దల స్వరపేటిక స్తంభాకారం, పిల్లలది గరాటు ఆకారం అన్న వాక్యం అలా తరతరాల విద్యార్థులకు కంఠస్థమైంది.

గరాటు ఉన్నప్పుడు కఫ్‌తో పనేముంది? దాని సన్నని మెడలో సరిగ్గా ఇమిడే గొట్టాన్ని ఎంచుకుంటే సందు తనంతట తానే మూసుకుంటుందన్నది నాటి తర్కం. అందుకే కఫ్ లేని గొట్టాలను అర మిల్లీమీటరు తేడాతో వరుసగా పేర్చుకొని, వయసును నాలుగుతో భాగించి నాలుగు కలిపే సూత్రంతో ఒకదాన్ని ఎన్నుకొని, వేసి చూసి, గాలి మరీ ఎక్కువ కారితే తీసి పెద్దది, బొత్తిగా కారకపోతే తీసి చిన్నది వేయడం ఆనవాయితీ అయింది. గొట్టం మార్చిన ప్రతిసారీ స్వరతంత్రుల మీదుగా మరో ప్రయాణం తప్పదు.

అచ్చును స్కాన్ ప్రశ్నించింది. ఎంఆర్‌ఐ యంత్రం బలమైన అయస్కాంత క్షేత్రంలో శరీరాన్ని ఉంచి, ప్రధానంగా నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలు ఇచ్చే సంకేతాలను చిత్రంగా మలుస్తుంది. గాలిలో ఆ సంకేతం దాదాపు ఉండదు కాబట్టి గాలిదారి నల్లగానూ, దాన్ని చుట్టుకున్న కండ, పొర బూడిద రంగులోనూ కనిపించి, వాటి సరిహద్దు కొలతకు అందుతుంది. ఎక్స్‌రేల వంటి రేడియేషన్ లేకపోవడం దీని గొప్ప. నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి రావడం దీని ఇబ్బంది. అందువల్లనే పసిపిల్లలకు మత్తు అవసరమవుతుంది. 2003లో రోనాల్డ్ లిట్‌మన్ బృందం, మత్తులో ఉన్నా తామే ఊపిరి తీసుకుంటున్న 99 మంది పిల్లల ఎంఆర్‌ఐ చిత్రాలను కొలిచి, రెండు నెలల శిశువు మొదలు పదమూడేళ్ల పిల్లల వరకు గాలిదారి అతి సన్నగా ఉండేది స్వరతంత్రుల దగ్గర, వాటికి ఆనుకొని దిగువన అని ప్రకటించింది. ఎడమ నుంచి కుడికి వెడల్పు తక్కువగా, ముందు నుంచి వెనక్కి లోతు ఎక్కువగా ఉన్న కోడిగుడ్డు వంటి ఆకారమే తప్ప గుండ్రని రంధ్రం అక్కడ కనిపించలేదు. 2009లో సన్నని కెమెరాతో గొంతు లోపల చూసి కొలిచిన మరో పరిశోధన కూడా స్వరతంత్రుల దగ్గరి సందే చిన్నదని తేల్చింది.

ఇక్కడ అచ్చు తప్పు, స్కాన్ ఒప్పు అని తీర్పు చెప్పి ముందుకు సాగేవారు ఉన్నారు గానీ, లోపలికి వెళ్లి గోడలను తాకే వస్తువుగా ఈ గొట్టం దానితో ఏకీభవించదు. ప్లాస్టర్ ఎందుకు అలా కొలిచిందో ఆలోచించాలి: పోసిన ముద్ద మెత్తని స్వరతంత్రులను పక్కకు నెట్టింది, క్రికాయిడ్ ఉంగరాన్ని నెట్టలేకపోయింది. గొట్టం చేసేదీ అదే పని. స్వరతంత్రుల దగ్గర సందు కంటికి చిన్నదైనా గొట్టం వస్తే ఒత్తుకొని దారి ఇస్తుంది. ఉంగరం కంటికి పెద్దదైనా వెంట్రుకవాసి కూడా జరగదు. స్కాన్ దేనినీ తాకకుండా కొలుస్తుంది, కనుక ఖాళీ ఎంతో చెప్పగలదు. గోడ ఎంత లొంగుతుందో దానికి తెలియదు. తరువాతి కాలంలో సీటీ స్కాన్‌లతో కొలిచినవారు ఉంగరపు ప్రాంతమే సన్నదని మళ్లీ వాదించడం వల్ల ఆకారం గురించిన చర్చ నేటికీ పూర్తిగా ముగియలేదు. అయితే చాలా చిత్రాలు చూపిన అంశం ఒకటుంది, పరికరం రూపురేఖలను మార్చినదీ అదే: ఆ దారి గుండ్రంగా లేదు. గుండ్రని గొట్టాన్ని కోలగా ఉన్న గట్టి ఉంగరంలో బిగుతుగా ఇరికిస్తే, ముందువెనుకల గాలి కారుతూనే ఉంటుంది, పక్కల మాత్రం పొర నలిగి నెత్తురు అందక వాస్తుంది. కొంచెం గాలి కారుతోంది కాబట్టి గొట్టం వదులుగానే ఉందనుకొని వైద్యుడు పొందే నిశ్చింతకు ఆధారం లేదన్నమాట.

ఉంగరంలో బిగించడం మాని, దానికన్నా సన్నని గొట్టాన్ని ఉంగరం దాటించి, కింద శ్వాసనాళంలో మెత్తని కఫ్‌తో సందు మూయడం దీనికి విరుగుడు. శ్వాసనాళపు మృదులాస్థి వలయాలు వెనుకవైపు తెరిచి ఉంటాయి, అక్కడ కండరపు పొర ఉంటుంది, అందుచేత ఆ గోడ కొంత సర్దుకుంటుంది. చెప్పినంత సులువు కాదు. నవజాత శిశువు శ్వాసనాళపు పొడవు నాలుగైదు సెంటీమీటర్లే; గడ్డం ఛాతీకి వంగితే గొట్టం లోతుకు జారుతుంది, తల వెనక్కి వాలితే పైకి వస్తుంది. ఆ కాస్త చోటులో కఫ్ స్వరతంత్రులకూ ఉంగరానికీ తగలకుండా, కొన రెండు ఊపిరితిత్తులకు చీలే కూడలి దాటకుండా నిలవాలి. పెద్దల గొట్టాన్ని కొలత తగ్గించి పిల్లల గొట్టమని అమ్మిన రోజుల్లో కఫ్ అవసరానికి మించి పొడుగ్గా, మరీ ఎగువన ఉండేది. అలాంటి కఫ్ స్వరపేటికలోనే ఉబ్బి, ఏ హాని జరుగుతుందని పెద్దలు భయపడ్డారో సరిగ్గా ఆ హానే చేయగలదు. జ్యూరిక్‌లో మార్కుస్ వైస్, ఆండ్రియాస్ గెర్బర్‌లు 2004 ప్రాంతంలో ఈ లోపాలను వరుసగా వెలికితీశారు. వాటికి జవాబుగా వచ్చిన గొట్టంలో కఫ్ పొట్టిదై కొన దగ్గరకు దిగింది. అందుకు చోటు చాలడం కోసం కొన పక్కన ఉండే మర్ఫీ కన్ను అనే అదనపు రంధ్రం తొలగిపోయింది. స్వరతంత్రుల దగ్గర నిలవవలసిన చోటును తెలిపే నల్ల పట్టీ వచ్చింది. కఫ్‌ను పది మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో నూరోవంతు మందం గల పాలీయురిథేన్ పొరతో చేశారు. మందపు పొర మడతలు పడి గాలి కారే సందులు మిగుల్చుతుంది. పలుచని పొర తక్కువ ఒత్తిడికే గోడను పూర్తిగా హత్తుకుంటుంది. ఈ గొట్టం పుట్టింది ఆ వంశంలోనే.

2009లో వెలువడిన యూరప్ పరిశోధనలో 24 కేంద్రాల్లో, ఐదేళ్ల లోపు పిల్లలు 2,246 మందికి చీటీ పద్ధతిలో కఫ్ ఉన్న గొట్టమో లేని గొట్టమో వేశారు. గొట్టం తీశాక కీచు శబ్దం కఫ్ ఉన్నవారిలో 4.4 శాతం, లేనివారిలో 4.7 శాతం మందికి వచ్చింది. అంటే భయపడిన తేడా లేదు. సరిపడక గొట్టం మార్చవలసి వచ్చినది కఫ్ ఉన్నవారిలో 2.1 శాతం, లేనివారిలో 30.8 శాతం. రెండో జత అంకెలను ఈ గొట్టం కొంత గర్వంతోనే ఇక్కడ నమోదు చేస్తున్నది. కఫ్‌లో ఒత్తిడిని 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటనివ్వకుండా కొలిచి చూడడం దీనికి షరతు; కొలిచే సాధనం లేని చోట, వేలితో నొక్కి సరిపోయిందనుకునే చోట, ఈ అంకెలు తమకు వర్తిస్తాయని ఎవరూ అనుకోరాదు. 2020లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పిల్లలకు కఫ్ ఉన్న గొట్టాన్నే ఎంచుకోవడం సమంజసమని మార్గదర్శకాల్లో రాసింది.

ఈ గొట్టపు దాయాదులైన ఇతర శ్వాసమార్గ పరికరాలకూ అచ్చులతోనూ స్కాన్‌లతోనూ ఇటువంటి బంధుత్వమే ఉంది. ఆర్చీ బ్రెయిన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1981లో, స్వరపేటిక ముఖద్వారం మీద మూతలా కూర్చునే లారింజియల్ మాస్కును రూపొందించినప్పుడు ఆధారపడింది శవాల గొంతుల ప్లాస్టర్ అచ్చుల మీదే. ఆ మాస్కు గుండా శ్వాసనాళపు గొట్టాన్ని దించే వీలున్న రకాన్ని 1997లో ప్రకటించినప్పుడు దాని లోహపు వంపును మనుషుల గొంతుల ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి నిర్ణయించారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్లెన్ గ్రీన్, స్కాట్ హాలిస్టర్‌లు 2012లో మరో అడుగు ముందుకు వేసి, ఊపిరి వదిలినప్పుడల్లా గాలిగొట్టం గోడ కుప్పకూలే ఒక శిశువు సీటీ స్కాన్‌ను ఆధారంగా చేసుకొని, ఆ బిడ్డ కొలతకే సరిపడే ఆసరా తొడుగును శరీరంలో క్రమంగా కరిగిపోయే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటరులో ముద్రించి అమర్చారు. అది ఒక్క గొంతు కోసం చేసినది. ఈ గొట్టం సగటు గొంతు కోసం చేసినది. సగటు గొంతు ఏ బిడ్డకూ ఉండదు కనుకనే, స్కాన్ కొలతల్లో దొరకని తేడాను భరించే పని కఫ్ మెత్తదనానికి అప్పగించారు.

ప్రతి బిడ్డకూ ముందుగా ఎంఆర్‌ఐ తీయడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. ఇటీవలి కాలంలో కొందరు మత్తువైద్యులు మెడ మీద అల్ట్రాసౌండ్ సాధనం ఆనించి, ఉంగరం స్థాయిలో గాలిదారి వెడల్పును అప్పటికప్పుడు కొలిచి గొట్టాన్ని ఎంచుకుంటున్నారు. వయసు సూత్రం కన్నా ఆ కొలత దగ్గరగా వస్తుందని పరిశోధనలు చూపాయి. అయితే అల్ట్రాసౌండ్ కొలిచేది గొట్టపు బయటి గోడ ఇమడవలసిన చోటును. గొట్టాన్ని పిలిచే నంబరు మాత్రం లోపలి వ్యాసానిది. గోడ మందం తయారీదారును బట్టి మారుతుంది కనుక, 3.5 అని రాసి ఉన్న రెండు గొట్టాల బయటి వ్యాసం ఒకటే కానక్కరలేదు. బయటి వ్యాసాన్ని కూడా గొట్టం ఒంటి మీద ముద్రిస్తారు, పెద్ద అంకె పక్కన చిన్న అక్షరాల్లో. గొంతును తాకేది ఆ చిన్న అంకే కాబట్టి, పొట్లం విప్పినవారు ముందుగా చదవవలసింది దానినే.