అప్పన్నలు, హోమ్ డైరెక్టరీలు

సింహాచలం అప్పన్నకీ యూనిక్స్‌కీ మొదట్నుంచీ పడదు. తప్పు స్వామిది కాదు.

మా భావనపాడు రేవులో నిలబడి "ఒరే అప్పన్నా" అని కేకేస్తే నాలుగు పడవల్లోంచి తలలు లేస్తాయి. అందుకే ఊళ్ళో ఇంజినప్పన్న, పొట్టప్పన్న, నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసొచ్చిన ఉప్పప్పన్న వేర్వేరు. కంప్యూటర్‌కి ఈపాటి తెలివి లేదు.

నేనో కాలేజీలో సర్వర్లు చూస్తాను. వేలమంది పిల్లలకి తలా ఒక హోమ్ డైరెక్టరీ ఇవ్వాలి. అన్నీ ఒకేచోట వరసగా పేర్చుకుంటూ పోతే పాతకాలపు ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్ 31,998 దగ్గర చేతులెత్తేసేది. అంతదాకా ఎందుకు, ఎల్ఎస్ కొట్టి టీ తాగొచ్చినా పేర్లు ఇంకా దొర్లుతూనే ఉంటాయి.

దీనికి పెద్దలు చెప్పిన ఉపాయం ఒకటుంది. పేరులో మొదటి అక్షరానికో డైరెక్టరీ, దాని లోపల మొదటి రెండక్షరాలకో డైరెక్టరీ. బాగానే ఉంది గానీ, సిక్కోలు, విజీనారం జిల్లాల్లో పేర్లు పెట్టేది తల్లిదండ్రులు కాదు, దేవుళ్ళు. సింహాచలం చలవతో అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలమ్మ. విజయనగరం పైడితల్లి దయవల్ల పైడిరాజు, పైడమ్మ. అరసవల్లి వల్ల ఇంటికో సూర్యనారాయణ. క్యూ, ఎక్స్, జెడ్ డైరెక్టరీలు ఈగలు తోలుకుంటుంటే, 'ఏ' లోపలి 'ఏపీ'లో మాత్రం నిజంగానే ఆంధ్రప్రదేశ్ అంతా దిగిపోయింది.

పాత యూనిక్స్‌లో లాగిన్ పేరుకి ఎనిమిది అక్షరాలే ఇచ్చేవారు. అప్పలనాయుణ్ణీ, అప్పలనరసయ్యనీ, అప్పలనారాయణనీ ఇంగ్లీషులో రాసి ఎనిమిదో అక్షరం దగ్గర నరికితే ముగ్గురూ 'అప్పలన'లే. హాజరు పట్టీలో కూడా ఇంత అన్యాయం జరగదు.

పేర్లని నమ్ముకుంటే లాభం లేదని ఒక్కో లాగిన్‌కీ ఉండే నంబరు, అంటే యూఐడీలో చివరి రెండంకెలు పట్టుకున్నాను. 00 నుంచి 99 దాకా వంద డైరెక్టరీలు. నంబర్లు వరసగా ఇస్తాం కాబట్టి అన్నిటా జనం సమానం. వాడేవాడికి ఇదంతా అక్కర్లేదు, టిల్డా గుర్తు కొడితే సొంతింట్లో ఉంటాడు. అసలు చిరునామా పాస్‌వర్డ్ ఫైలులో ఆరో గడిలో ఉంటుంది, అది నేను మార్చుకుంటే చాలు.

పాత దారిని ప్రోగ్రాముల్లో నేరుగా రాసేసుకున్న ఘనుల కోసం సింబాలిక్ లింకులు పెట్టాను. మా పోర్టుకీ అదే గతి. ఏళ్ళ తరబడి కాగితాల్లో భావనపాడు పోర్టుగా తిరిగి, 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన చేయించుకుని మూలపేట పోర్టయింది. పాతపేరు పట్టుకుని వచ్చేవాళ్ళకి మా ఊరి జనమే లింకులు: "ఇటు కాదు బావూ, అటెల్లు."

అంతా సర్దుకుంది అనుకుంటుండగా ఒక కుర్రాడు పీడబ్ల్యూడీ కొట్టి తన చిరునామా చూసుకున్నాడు.

"సార్, నన్ను 08లో ఎట్టినారేటి? అది శని నంబరు. 09లో ఎయ్యండి."

డైరెక్టరీ మారాలంటే యూఐడీ మారాలి, అది మారితే ఫైళ్ళన్నిటికీ యజమాని మారాలి అని చెప్పాను. వినలేదు. పైగా వార్త హాస్టల్‌కి చేరవేశాడు. సాయంత్రానికి గది బయట వరస. అందరికీ 09 కావాలి.

మొదటి కుర్రాడే జాలిపడి దారి చూపించాడు. ఒక్క అంకె మిగిలేదాకా కూడితే తొమ్మిదొచ్చే డైరెక్టరీలు వందలో పదకొండున్నాయట. "ఆటిల్లో సర్దీండి సార్, రద్దీ ఉండదు."