34 శాతం డ్యూటీ

2025 సెప్టెంబర్ 22, సోమవారం హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి సింగరేణి కార్మికుల లాభాల వాటా 34 శాతమని ప్రకటించారు. 2024లో 33. ఒక శాతం పెంచిన చేతికి దండం పెట్టాల్సిందే. ఇంత గొప్ప లెక్కను బోర్డు దగ్గరే ఆపేయకుండా శ్రీరాంపూర్ బాయిల్లోకీ దింపాలి. ప్రకటన ప్రకారమే 6,394 కోట్ల లాభంలో 4,034 కోట్లు భవిష్యత్ పెట్టుబడులకు పక్కన పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం కట్టారు. అక్కడి ఆర్కే-7 బాయి కార్మికుడూ ఎనిమిది గంటల షిఫ్టులో ఐదు గంటలు భవిష్యత్తుకు పక్కన పెడతాడు. మిగిలిన మూడింట్లో 34 శాతం, అంటే గంటసేపు, బొగ్గు తీస్తాడు. 2024 లెక్కకైతే, అంటే 4,701 కోట్లలో 2,289 తీసేసి మిగతాదాని మీద 33 శాతమైతే, గంటా ఇరవై నిమిషాలు చేయాల్సి వచ్చేది. శాతం పెరిగింది, పని తగ్గింది! ఓవర్‌మన్ నిలదీస్తే "34 శాతం చేసిన సార్, నిరుటి కన్న ఒకటి ఎక్కువే" అంటాడు. అతనికి నిండు మస్టర్ పడాలి. ఆబ్సెంట్ వేస్తే అది బోర్డు గణితాన్ని అవమానించినట్టే.

విస్తరణ వద్దా అంటారు. కావాలి. కానీ తేలిన లాభాన్ని ఎటు మళ్లించినా అది లాభం కాకుండా పోదు. 2022-23లో 2,222 కోట్ల మొత్తం మీదనే 32 శాతం, 711 కోట్లు ఇచ్చారు. అప్పుడు మాత్రం కంపెనీకి భవిష్యత్తు లేదా? ఖాతాల్లో మాయ పట్టాలంటే ముఖ్యంగా రెండు చూడాలి: లాభం వెంట నగదు వచ్చిందా, లెక్క కట్టే పద్ధతి నడుమ మారిందా. సత్యం కంప్యూటర్స్ మోసం మొదటిదాంట్లోనే దొరకాల్సింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు తానే రాసి ఒప్పుకునేదాకా లేని 5,040 కోట్లు ఉన్నట్టే చెలామణి అయ్యాయి. సింగరేణిలో అలాంటి దొంగ రాతలున్నాయని అనడం లేదు. ఇక్కడ తేడా వచ్చింది రెండోదాంట్లో. పాత పద్ధతిలో మొత్తం లాభం మీద చూస్తే వాటా 2024లో దాదాపు 17 శాతం, 2025లో పన్నెండున్నర. చేతిలో నగదు లేదంటారేమో! బొగ్గు తీసుకుని సింగరేణికి వేల కోట్లు బాకీ పడ్డది ప్రభుత్వ విద్యుత్ సంస్థలే. బాకీ పడ్డదీ సర్కారు సంస్థలే, వాటా తెంచేదీ సర్కారే.

ఇక వెటకారం చాలు. ఓపెన్‌కాస్టు దుమ్ము మింగే కాంట్రాక్టు కార్మికుడికి ఈ 34లో ఒక్క శాతం కూడా లేదు. ఏడాది కష్టానికి 5,500 రూపాయలు విదిల్చి దాన్నీ పండుగ కానుకన్నారు. సిగ్గుండాలి. బాయిలో పైకప్పు కూలితే ముందు పోయేది బొగ్గు కాడ నిలబడ్డోడి ప్రాణం. అది ఏ పద్దులోనూ పక్కన పెట్టుకునేది కాదు. ఆ 4,034 కోట్లు ఏ గనికి, ఏ ప్లాంటుకు, ఏ ఏడాదిలో ఎంత ఖర్చు పెడతారో పద్దుల వారీగా రాసి ప్రతి బాయి నోటీసు బోర్డు మీద అంటించండి. అంటించలేకపోతే మొత్తం లాభం మీద 34 శాతం కట్టివ్వండి.