రాళ్ళ పద్యం – టీకా తాత్పర్య సహితం

మూలం

ఇంటిముందు కుప్ప నెంచి చూడవలెను
వాగుగట్టు వెతుకవలెను పిదప
కొండకోత జూచి కూలివాని నడిగి
రాళ్ళు తెచ్చువాడు రసికు డతడు

అవతారిక

ఈ ఆటవెలది తాళపత్రాల్లో దొరికింది కాదు. హైదరాబాదు శివార్లలో మా అన్నయ్య ఇంట, పాల లెక్క రాసే నోటుపుస్తకంలో, జులై నెల పేజీ వెనుక దొరికింది. కర్త పేరు లేదు. పక్కన సుత్తి బొమ్మ గీసి ఉంది కనుక కర్త అన్నయ్యేనని నిర్ణయించాను. కాలం, వర్షాకాలం. నాయకుడు యాభై దాటి, మోకాళ్ళ నొప్పులు పుట్టిన ఉద్యోగి. నాయిక మా వదిన. ఆమె పద్యంలో ఎక్కడా కనబడదు గాని ప్రతి పాదంలోనూ వినబడుతుంది. రాళ్ళకూ శిలాజాలకూ ఎంతెంత దూరమో పోనక్కర లేదు, ఇంటి చుట్టుపక్కలే వెతకవచ్చునని చెప్పడం కవి ఉద్దేశం.

ప్రతిపదార్థం

ఇంటిముందు = గేటు బయట; కుప్పన్ = ఎదుటి ప్లాటువారు పోయించిన కంకర, ఇసుకల రాశిని; ఎంచి = వాచ్‌మన్ అటు తిరిగిన సమయం ఎంచుకొని; చూడవలెను = ఏరుకొనవలెను; పిదప = వాన వెలిసిన మర్నాడు; వాగుగట్టున్ = వాగు ఒడ్డును; వెతుకవలెను = నడుము పట్టేసేదాకా వెతుకవలెను; కొండకోతన్ = రోడ్డు కోసం కొండను నిలువునా కోసిన చోటును; చూచి = బండి పక్కకు ఆపి చూచి; కూలివానిన్ = క్వారీలో రాయి కొట్టేవానిని, జేసీబీ నడిపేవానిని; అడిగి = టీ ఇప్పించి అడిగి; రాళ్ళు = రాళ్ళను; తెచ్చువాడు = డిక్కీలో వేసుకొని ఇంటికి మోసుకొచ్చువాడు; అతడు = అట్టివాడు; రసికుడు = ఈ పదం మీద వివాదముంది, చివర చూడుడు.

టీక

కొండలూ కోనలూ వదిలేసి కంకర కుప్పతో మొదలుపెట్టడంలోనే కవి లోకజ్ఞత తెలుస్తుంది. హైదరాబాదు చుట్టూ క్రషర్లలో నలిగేది 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. అందులో గాజులా మెరిసేది పలుగురాయి, గులాబి రంగుది ఫెల్డ్‌స్పార్, గోటితో పొర లేచేది అభ్రకం. ఒక్క తట్టలో మూడు పాఠాలు! ఇక ఇసుక. అది గోదావరిదైతే అయస్కాంతం తిప్పితే నల్లటి మాగ్నెటైట్ రేణువులు మీసాల్లా అంటుకొంటాయి, భూతద్దంలో ఎర్రటి గార్నెట్లు కనిపిస్తాయి. రోబో ఇసుకైతే కవి అసలు పట్టించుకోలేదు. అది కంకరకు తమ్ముడే కదా, పునరుక్తి దోషమని వదిలేసి ఉంటాడు.

ఇక్కడ ఒక శంక. గ్రానైట్ కుప్పలో శిలాజం దొరకదా? దొరకదు. కరిగి చల్లారిన రాతిలో నత్తగుల్ల కోసం వెతకడమంటే కుందేటి కొమ్ము కోసం వెతకడమే. శిలాజం కావలసినవాడు బురదో ఇసుకో సున్నమో పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడ్డ రాయిని పట్టుకోవాలి. అలాంటి రాయి దూరాన లేదు. ఇంటి లోపల, కాళ్ళ కిందే ఉంది. తాండూరు బండ, బేతంచెర్ల బండ, వంటింటి గట్టు మీది కడప రాయి, ఇవన్నీ సున్నపురాళ్ళే.

ఇంతకన్న ముఖ్యమైన శంక మరొకటి. బండ మీద నల్లగా ఫెర్న్ ఆకులాంటి బొమ్మ కనబడుతుంది కదా, అది శిలాజమేనా? కాదు. రాతి పగుళ్ళలోకి ఇంకిన నీరు మాంగనీసు ఆక్సైడును అలా కొమ్మలు కొమ్మలుగా వదిలి పోయింది. తార్కికులు హేతువు కాని హేతువును హేత్వాభాస అన్నారు, కనుక దీన్ని శిలాజాభాస అనవచ్చు. మా అన్నయ్య ఇలాంటి బండ ముక్కను మూడేళ్ళు గాజు బీరువాలో దాచి, వచ్చినవారందరికీ “డైనోసార్ల నాటి మొక్క” అని చూపించాడు. తాడును చూసి పాము అనుకొన్నవాడైనా కాసేపటికి తేరుకొంటాడు. నిజం తెలిశాక కూడా ఆ ముక్క బీరువా దిగలేదు. ప్రతిష్ఠ అయిపోయింది కదా!

“వాగుగట్టు” ధ్వని ప్రధానమైన పదం. అన్నయ్య ఉద్దేశించినది వికారాబాదు వైపు వాగులని వ్యాఖ్యాత అభిప్రాయం. చేవెళ్ళ దాటి పడమరకు పోతే గుండ్రాళ్ళ గ్రానైటు పోయి నల్లని బసాల్టు వస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద పారిన లావా అది. ఆ లావాలో చిక్కుకొన్న గాలి బుడగల ఖాళీల్లో తరువాత సిలికా నిండి అగేట్లు, పలుగు స్ఫటికాలు ఏర్పడ్డాయి. బసాల్టు చివికి మట్టవుతుంది గాని అగేటు చివకదు. వాన దాన్ని కడిగి వాగులో పెడుతుంది. “పిదప” అన్న మాటకు వాన తరువాత అని అర్థం చెప్పింది అందుకే. తవ్వే పని వాన చేసిపెడుతుంది.

ఒక లావా ప్రవాహానికీ మరో ప్రవాహానికీ నడుమ చెరువులుండేవి. ఆ చెరువు బురదల్లో నత్తలు, మొక్కలు, చేపల పళ్ళు నిలిచిపోయాయి. వికారాబాదు దగ్గరి నస్కల్‌లో ఇలాంటి పొర నుంచే చుంచెలుకంత జంతువు పళ్ళు దొరికాయి. 1988లో దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. రాక్షసబల్లుల కాలంలో మన వైపు తిరిగిన పాలిచ్చే జంతువది. ఆ పళ్ళు మిల్లీమీటరు లెక్కల్లో ఉంటాయి. కనుక వాగులో ఏనుగంత ఎముక కోసం చూసేవాడి కాలి కిందనే అసలైనది నలిగిపోతుంది.

“కొండకోత” అనగా ఘాట్ రోడ్డు. తిరుమల ఎక్కే బస్సులో కూర్చున్నవారు ఎడమా కుడీ చూసి గోవిందా అంటారు గాని, ఆ గోడల్లో అడుగున ఉన్న పాత గ్రానైటుకూ పైన పరిచిన క్వార్ట్‌జైటుకూ మధ్య కోట్లాది ఏళ్ళ ఖాళీ ఉందని గమనించేవారు తక్కువ. పుస్తకంలో మధ్య పుటలు చిరిగిపోయినట్టన్నమాట. ఆ చోటు జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. తిరుమల కొండ మీది శిలాతోరణమూ అంతే. అక్కడ కళ్ళకే పని, సుత్తికి సెలవు. కవి కూడా “జూచి” అన్నాడే గాని “కొట్టి” అనలేదని పాఠకులు గమనించాలి.

“దగ్గర” అన్నది ఎవరి గుమ్మం నుంచి కొలిస్తే వారిది. రాజమండ్రివారికి కాతేరు, పంగిడి క్వారీలున్నాయి. అక్కడ లావా పొరల మధ్య సముద్రపు ఆల్చిప్పలు కనబడతాయి. కడపవారికి వేంపల్లె సున్నపురాళ్ళున్నాయి. వాటిలో అడ్డంగా కోసిన ఉల్లిపాయలా పొరలు పొరలుగా స్ట్రోమటోలైట్లు ఉంటాయి. గుల్లలూ ఎముకలూ పుట్టకముందు సముద్రపు అంచున ఆకుపచ్చ నాచులాంటి సూక్ష్మజీవులు కట్టుకొన్న ఇళ్ళవి. నేలను బట్టి ఎక్కడ ఏ రాయి ఉంటుందో ముందే తెలుసుకోగోరేవారికి అమరకోశంలాంటి నిఘంటువు ఒకటుంది. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వారి భూకోశ్. అందులో పటాలు చూడవచ్చు. అన్నయ్య దాన్ని రాత్రి పన్నెండింటికి చూస్తాడు. వదిన మరేదో అనుకొని ఒకసారి ఫోను లాక్కుంది. చూసి మరింత నిరాశపడింది.

“కూలివాని నడిగి” అన్నది ఈ పద్యానికి ప్రాణం. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి వంగి నడిచేవారిని చూడండి. వాళ్ళ చేతిలో పటం ఉండదు, సుత్తి ఉండదు. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తడిసిన నేల మీద మెరిసినదాన్ని ఏరుకోవడం ఒక్కటే వారి విద్య. వజ్రకరూరులో వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలున్న సంగతి పుస్తకాలు చదివితే మనకు తెలుస్తుంది. ఏ చేనులో ఏ మూల ఏరాలో వాళ్ళకే తెలుస్తుంది. క్వారీలో కూడా అంతే, ఏ బండలో వింత బొమ్మ పడిందో మేస్త్రీని అడగాలి. ఎర్రజెండా కనబడితే మాత్రం అడగడం మాని పరుగెత్తాలి, అది పేలుడుకు గుర్తు. చేను గలవాడిని అడగకుండా చేలో దిగడం కవిసమ్మతం కాదు. పెద్ద ఎముకలాంటిది కనబడితే కదపక చెప్పవలసినవారికి చెప్పాలి. ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి ఎముకలను నిపుణులు జాగ్రత్తగా తీశారు గనుకే హైదరాబాదు బిర్లా మ్యూజియంలో అది నిలువెత్తున నిలబడింది.

“రాళ్ళు తెచ్చువాడు.” ఇల్లు ఇప్పటికే ఇరుకు, రాళ్ళెందుకని పూర్వపక్షం, అనగా వదిన పక్షం. దానికి సమాధానం పూజగదిలోనే ఉంది. పంచాయతన పూజకు పెద్దలు గండకి నుంచి సాలగ్రామం, నర్మద నుంచి బాణలింగం, శోణ నది నుంచి ఎర్ర రాయి, శ్రీకాళహస్తి పక్కన పారే మన స్వర్ణముఖి నుంచి మరో రాయి, వీటికి తోడు స్ఫటికం తెచ్చుకొన్నారు. ఇందులో సాలగ్రామం మీద కనబడే చక్రం అమ్మొనైటు అనే సముద్రజీవి గుల్ల అచ్చు. హిమాలయం లేవకముందు అక్కడ సముద్రముండేదనడానికి సాక్ష్యం. అంటే శిలాజం కోసం గుమ్మం దాటనక్కరే లేదు, రోజూ దానికి అభిషేకం జరుగుతోంది. ఈ వాదం అన్నయ్య చెప్పగా వదిన విని, “వాటిని బాల్కనీలో బకెట్లలో పెట్టలేదు కదా” అంది. వ్యాఖ్యాతకు జవాబు దొరకలేదు.

పాఠాంతరం

“రసికు డతడు” అన్నచోట అదే పేజీలో వేరే చేతిరాతతో, వేరే రంగు ఇంకుతో “రాక్షసుండు” అని ఉంది. పరిశీలించగా గణాలు సరిపోయాయి, యతీ చెడలేదు. కనుక రెండు పాఠాలూ గ్రాహ్యాలే. ప్రస్తుతం ఆ పాల పుస్తకం పేజీలు ఫ్యాను గాలికి ఎగరకుండా వదిన పైన పెట్టుకొన్నది వికారాబాదు అగేటు.